నాన్న కలెక్షన్‌కి వెళ్లిన రోజులు

నేను: అందరికీ నమస్తే. ఇవాళ నాతో మా నాన్న ఉన్నారు, 2010 దాకా పేదవాళ్లకి చిన్న అప్పులిచ్చే ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్, గుంటూరు జిల్లా పల్లెల్లో. నాన్నా, తెల్లారకముందే బండేసుకుని వెళ్లిపోయేవాడివి కదా, అక్కడేం జరిగేదో చెప్పు.

నాన్న: ఏడింటికల్లా ఊళ్లో ఉండాలమ్మా, ఆడవాళ్లు కూలికి పోకముందే. అయిదుగురు ఒక గ్రూపు, చాపలేసుకుని కూర్చునేవాళ్లు. 10,000 అప్పు, వారానికి 225 చొప్పున 50 వారాలు. ఏడాదికి నూటికి పన్నెండున్నర వడ్డీ అని చెప్పేవాళ్లం, కానీ వారం వారం అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే, సరిగ్గా లెక్కేస్తే దాదాపు రెట్టింపు పడుద్ది. నాకు తెలుసు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

నేను: తాకట్టు ఉండదుగా, మరి కట్టకపోతే?

నాన్న: పక్కనున్న నలుగురే తాకట్టు. ఒకళ్లు కట్టకపోతే మిగతావాళ్లు వేసుకోవాలి, డబ్బు పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు. నేను ఏనాడూ ఎవర్నీ తిట్టలేదు తల్లీ, చాలా ఏళ్లు అదే చెప్పుకుని బతికా. తిట్టాల్సిన పనే లేదు నాకు, ఊరికే కూర్చునేవాణ్ణి, కూలి టైం దాటిపోతుంటే ఆ నలుగురే ఆమెని నానా మాటలూ అనేవాళ్లు. అక్కచెల్లెళ్లలా ఉండేవాళ్లమ్మా వాళ్లు.

నేను: (కాసేపటికి) ఒక ఇల్లు గుర్తుందని అన్నావు నిన్న.

నాన్న: మిరప కోతలకెళ్లే మనిషి. మొగుడికి జ్వరం, రెండు వారాలు కట్టలేదు. పదకొండయింది. లోపలికెళ్లి ఇత్తడి బిందె తెచ్చింది, అందులో నీళ్లున్నాయి, ఆ నీళ్లు ప్లాస్టిక్ బకెట్లోకి వొంపి, కొంగుతో బిందె తుడిచి మరీ పక్కింటామె చేతిలో పెట్టింది. ఆమె 450 ఇచ్చింది. నేను పాస్‌బుక్‌లో సంతకం పెట్టా. ఆ నెల నా కలెక్షన్ నూటికి నూరు, ఇన్సెంటివ్ వచ్చింది, నీ స్కూల్ ఫీజు కట్టా.

నేను: ...నాకు తెలీదు నాన్నా.

నాన్న: నీ తప్పేముందమ్మా. నీ కోసమే అని నాకు నేను చెప్పుకున్నా చూడు, అది నా తప్పు. తర్వాత అప్పుల బాధతో ఆత్మహత్యలు అని పేపర్లలో రావడం, 2010 అక్టోబరులో ఈ కంపెనీల మీద ప్రభుత్వ ఆర్డినెన్స్ రావడం, వారం వాయిదాలు ఆపమన్నారు, ఇళ్ల మీదికి పోకూడదన్నారు. కలెక్షన్లు నిలిచిపోయాయి, ఉద్యోగం పోయింది. అదీ నేను మానింది కాదు, పోయింది. ఆ సంగతి మర్చిపోకుండా చెప్పాలి.

నేను: మళ్లీ ఆ ఊరు వెళ్లావా?

నాన్న: రెండుసార్లు వెళ్లా. రోడ్డు మీద మలుపు దాకా. ఏమని చెప్పను, బిందె కొనిచ్చి రానా? ఆ నలుగురి మధ్య పెట్టిన తగువుని ఏం చేసి తీర్చను?

నేను: అందుకేనా, అమ్మ ఇత్తడి బిందె కొందామన్న ప్రతిసారీ వద్దనేవాడివి? అమ్మకి తెలుసా ఇది?

నాన్న: తెలీదు. ఇది రికార్డు అవుతోందిగా, విననీ.