వాచ్‌కి ఏ బెల్ట్? రబ్బర్, లెదర్, స్టీల్ చైన్ మూడూ తిరగేసి చూద్దాం

నమస్తే అండి. బల్ల మీద మూడు బెల్టులున్నాయి, మూడూ 20 ఎంఎం. ఒకటి రబ్బర్, ఒకటి లెదర్, ఒకటి స్టీల్ చైన్. మూడింటినీ కావాలనే బోర్లా పెట్టాం. షాపులో మెరుపు, కుట్టు, రంగు ఉన్న పైభాగమే చూపిస్తారు. చేతిని అంటుకుని ఉండేది మాత్రం ఈ అడుగు భాగం. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం పూట బండి మీద తిరిగితే చెమటంతా చేరేది ఇక్కడికే. బెల్ట్ ఆరు నెలల్లో పోతుందా, ఏళ్ల తరబడి ఉంటుందా అన్నది ఈ వైపే తేలుతుంది. అందుకే ఈ రోజు మూడింటినీ ఇటువైపు నుంచే చూద్దాం.

ముందు సైజు సంగతి తేల్చేద్దాం. వాచ్ కేసుకి పైన రెండు, కింద రెండు కొమ్ములుంటాయి కదా, వాటిని లగ్స్ అంటారు. రెండు కొమ్ముల మధ్య లోపలి ఖాళీ ఎంతుంటే బెల్ట్ వెడల్పు అంత. ఎక్కువగా కనిపించేవి 18, 20, 22. మామూలు స్కేలుతో కొలిస్తే ఒక ఎంఎం తేడా వచ్చేస్తుంది, వెర్నియర్ కాలిపర్ ఉంటే దాంతో కొలవండి. 19 ఎంఎం ఖాళీలో 20 ఎంఎం రబ్బర్‌ని కాస్త నొక్కి పెట్టొచ్చు, లెదర్ అయితే అంచులు ముడతపడతాయి, స్టీల్ అసలు పట్టదు. పొడవు కూడా చూడండి. లెదర్ బెల్ట్ మీద 115/75 అని ఉంటే రంధ్రాలున్న ముక్క 115, బకిల్ ముక్క 75 ఎంఎం. మణికట్టు చుట్టుకొలత 15 సెంటీమీటర్ల దగ్గర ఉన్నవాళ్లకి ఇది పొడవైపోతుంది, తోక పక్కకి లేచి ఉంటుంది. వాళ్లు 105/65 లాంటి పొట్టి సైజు అడగాలి.

ఇప్పుడు లెదర్. అందరికీ ఇష్టమైనదీ, మన వాతావరణంలో అన్నిటికంటే ముందు పోయేదీ ఇదే. కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి. ఈ బెల్ట్ పక్క అంచు చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైన తోలు, కింద చేతిని తాకే లైనింగ్, మధ్యలో ఉబ్బెత్తుగా కనపడ్డానికి పెట్టిన ఫిల్లర్. ఈ మధ్య పొర దగ్గరే మోసం జరుగుతుంది. చవక బెల్టుల్లో అక్కడ అట్టముక్క లాంటిది పెడతారు. బెల్ట్ రంధ్రాల్లోంచి చెమట లోపలికి దిగి, ఆ అట్ట ఉబ్బి, జిగురు వదిలేసి, లైనింగ్ బుడగలా లేస్తుంది. కొనేటప్పుడు బకిల్ రంధ్రంలోకి టార్చ్ కొట్టి చూడండి. లోపల పీచు పీచుగా ఉంటే తోలు. బూడిద రంగులో కాగితంలా ఉంటే పక్కన పెట్టేయండి. "జెన్యూన్ లెదర్" అని ముద్ర ఉన్నంత మాత్రాన మంచిదనుకోకండి. తోలు కింది పొరని చీల్చి, పైన పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత పూసినదాని మీద కూడా అదే ముద్ర వేస్తారు. ఫుల్ గ్రెయిన్, అంటే పైపొర చెక్కకుండా అలాగే ఉంచిన తోలు అయితే వేలితో వంచినప్పుడు సన్నటి సహజమైన ముడతలు పడి, వదలగానే సర్దుకుంటాయి. పూత పూసినది ఒకే గీతలా విరుగుతుంది.

చెమట లెదర్‌ని ఎలా పాడు చేస్తుందో చెప్తాను, ఎందుకంటే దాన్ని కాపాడుకునే పద్ధతి అందులోనే ఉంది. చెమటలో నీళ్లతో పాటు ఉప్పు, యూరియా, లాక్టిక్ యాసిడ్ ఉంటాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు తోలు పీచుల్లో మిగిలిపోతుంది. రోజూ అదే జరిగితే తోలులో ఉన్న నూనె పోయి గట్టిపడుతుంది. గట్టిపడ్డ తోలు ఎక్కడ ఎక్కువ వంగుతుందో అక్కడే పగులుతుంది, అంటే మీరు రోజూ బకిల్ పెట్టుకునే ఆ ఒక్క రంధ్రం దగ్గర. రెండో చోటు, స్ప్రింగ్ బార్ (బెల్ట్‌ని వాచ్ కొమ్ములకి పట్టి ఉంచే సన్నటి కడ్డీ) దూరే గొట్టం లాంటి మడత. పైకి బెల్ట్ కొత్తగానే కనపడుతుంది, లోపల ఆ మడత సగం తెగి ఉంటుంది. నెలకోసారి అక్కడ వేలు పెట్టి చూడండి.

కాబట్టి లెదర్ వాడేవాళ్లు చేయాల్సినవి. ఒకరోజు పెట్టుకుంటే మర్నాడు పెట్టుకోకండి, పూర్తిగా ఆరడానికి 24 గంటలు కావాలి. ఇంటికి రాగానే అడుగు భాగాన్ని కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఫ్యాన్ గాలికి పెట్టండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, రెండూ తోలుని ఎండగట్టేస్తాయి. కొబ్బరి నూనె రాసే అలవాటు చాలామందికి ఉంది. రాయకండి. తోలు నల్లబడుతుంది, మెత్తబడి రంధ్రాలు సాగిపోతాయి. సెంటు, శానిటైజర్ మణికట్టు మీద వేసుకుంటే అవి ఆరాకే వాచ్ పెట్టుకోండి, వాటిలోని ఆల్కహాల్ రంగుని లేపేస్తుంది. మామూలు బకిల్ తీసేసి డిప్లాయంట్ క్లాస్ప్ (మడతలుగా తెరుచుకుని మూసుకునే లోహపు లాక్) వేయించుకుంటే తోలు రోజూ మడత పడదు, బెల్ట్ వయసు బాగా పెరుగుతుంది. లెదర్ ఇష్టపడేవాళ్లు మొదట పెట్టాల్సిన ఖర్చు అదేనని నా గట్టి అభిప్రాయం. అడుగున వాటర్ రెసిస్టెంట్ లైనింగ్ ఉన్న బెల్టులు కూడా దొరుకుతాయి. మన ఎండలకి అవి సాదా లైనింగ్ కంటే చాలా మేలు.

లెదర్ పెట్టుకుంటే దురద వస్తోందా? క్రోమ్ టానింగ్, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలులో హెక్సావాలెంట్ క్రోమియం అనే హానికర రూపం ఉంటే కొందరికి అలర్జీ వస్తుంది. యూరప్‌లో 2015 నుంచి చర్మాన్ని తాకే తోలు వస్తువుల్లో అది కిలోకి 3 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం పెట్టారు. దురద వచ్చేవాళ్లు వెజిటబుల్ టాన్, అంటే చెట్ల బెరడు లాంటివాటితో శుద్ధి చేసిన తోలు అని రాసి ఉన్నది అడగండి.

ఇక రబ్బర్. షాపులో "రబ్బర్ బెల్ట్" అని ఇచ్చేవన్నీ రబ్బర్ కావు, ఇక్కడే డబ్బులు వృథా అవుతాయి. సిలికాన్ పట్టుకుంటే దూదిలా మెత్తగా ఉంటుంది, చర్మానికి హాయి, కానీ దుమ్మూ నూలుపోగులూ ఇట్టే అంటుకుంటాయి. చిన్న గాటు పడితే చాలు, అక్కణ్ణుంచి చీరుకుపోతుంది. లేత రంగు సిలికాన్‌కి పసుపు అంటితే సబ్బుకి పోదు. కడిగి రెండు మూడు రోజులు ఎండలో పెడితే మాత్రం వెలుస్తుంది, ఎందుకంటే పసుపు రంగు ఎండకి నిలవదు. జీన్స్ నీలం అంటితే అది పోవడం కష్టం. పాలియురెథేన్, అంటే చాలా డిజిటల్ వాచ్‌లకి వచ్చే రెజిన్ బెల్ట్, మొదట్లో గట్టిగా బాగుంటుంది. దానికి శత్రువు తేమ. గాలిలోని తేమ ఆ పదార్థంలో గొలుసుల్ని మెల్లగా తెంపుతుంది, అందుకే ఏళ్ల తరబడి డ్రాయర్‌లో వాడకుండా దాచిన వాచ్ బెల్ట్ కూడా పెట్టుకోగానే పుటుక్కుమంటుంది. కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. సహజ రబ్బర్ సాగుడు బాగుంటుంది, కానీ నూనె, ఎండ రెండూ పడవు. చేతులకి కొబ్బరి నూనె రాసుకునేవాళ్లకి అది జిగటగా మారి ఉబ్బుతుంది.

వీటిలో అన్నిటికంటే గట్టిది ఎఫ్‌కేఎం, ఫ్లోరోఎలాస్టమర్ అనే కృత్రిమ రబ్బర్. నూనె, వేడి, ఎండ, చెమట ఏదీ దీన్ని తొందరగా ఏమీ చేయలేదు. పట్టుకుంటే సిలికాన్ కంటే బరువుగా, నున్నగా ఉంటుంది, దుమ్ము అంటదు. ఇందులో ఒక విషయం దాచకుండా చెప్పాలి. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని నోట్రె డామ్ యూనివర్సిటీ పరిశోధకులు 22 వాచ్ బెల్టులు పరీక్షించి, వాటిలో ఫ్లోరోఎలాస్టమర్ బెల్టుల్లో పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఏ అనే, తొందరగా నశించని "ఫరెవర్ కెమికల్స్" గుంపుకి చెందిన రసాయనం ఎక్కువ మోతాదులో దొరికిందని ప్రచురించారు. అది చర్మంలోంచి ఒంట్లోకి ఎంత పోతుందన్నది ఆ పరీక్షలో కొలవలేదు. కానీ పిల్లలకి కొంటున్నా, రాత్రి నిద్రలో కూడా వాచ్ తీయని అలవాటున్నా, నేనైతే సిలికానే చెప్తాను. అదే చవక కూడా. ఏడాదికోసారి మార్చుకోండి.

రబ్బర్ అడుగు భాగంలో ఇదిగో, ఈ గాడులు చూడండి. ఇవి అందం కోసం కాదు. అడుగు నున్నగా ఉంటే చెమట బయటికి పోయే దారి లేక చర్మం నాని ఎర్రబడుతుంది. చాలామంది దీన్ని రబ్బర్ అలర్జీ అనుకుంటారు, ఎక్కువసార్లు అది తడి, సబ్బు మిగిలిపోవడం వల్ల వచ్చే దద్దురు. స్నానం చేశాక బెల్ట్ తీసి రెండు వైపులా తుడిచి, చేయి ఆరాక పెట్టుకోండి. ఒక రంధ్రం వదులు చేయండి. వారంలో తగ్గకపోతే అప్పుడు చర్మ డాక్టర్‌కి చూపించండి. ఇంకోటి, డీఈఈటీ అనే మందు ఉన్న దోమల స్ప్రే ప్లాస్టిక్‌లని కరిగిస్తుంది. ముఖ్యంగా రెజిన్ బెల్ట్ మీద, ప్లాస్టిక్ వాచ్ గ్లాస్ మీద పడనివ్వకండి.

స్టీల్‌కి వద్దాం. దీన్ని కూడా తిరగేసి, ముందు లింకులు చూడాలి. పక్కనుంచి చూస్తే రేకు మడిచినట్టు సందు కనపడితే అది ఫోల్డెడ్ లింక్. నిండుగా ఉంటే సాలిడ్ లింక్. ఫోల్డెడ్ తేలికగా ఉంటుంది కానీ సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుంటాయి, తొందరగా వదులవుతుంది. రెండోది లోహం. 316ఎల్, 304 అనేవి స్టెయిన్‌లెస్ స్టీల్ రకాలు. 316ఎల్ స్టీల్‌లో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ 10 నుంచి 14, మాలిబ్డినం 2 నుంచి 3 ఉంటాయి. ఉప్పుని తట్టుకునే శక్తి ఇచ్చేది ఆ మాలిబ్డినమే. 304లో అది ఉండదు, సముద్రపు గాలికి చిన్న చిన్న గుంటలు పడతాయి. మామూలు మాగ్నెట్ దగ్గర పెట్టి చూడండి. చైన్ గట్టిగా అతుక్కుపోతే అది ఈ రెండూ కాదు. బంగారు రంగు చైన్ చాలా తక్కువ ధరకి ఇస్తున్నారంటే అది ఇత్తడి లాంటి లోహం మీద పూత అయ్యుండొచ్చు. మణికట్టు రాసుకునే చోట ముందు పూత పోతుంది, తర్వాత చర్మం మీద ఆకుపచ్చ మరక పడుతుంది. నికెల్ అలర్జీ ఉన్నవాళ్లకి టైటానియం చైన్ మంచి దారి.

క్లాస్ప్ గురించి ఎవరూ అడగరు, నా లెక్కలో స్టీల్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. మణికట్టు పొద్దున ఒక సైజు, సాయంత్రం ఇంకో సైజు. వేడికి ఉబ్బుతుంది. క్లాస్ప్ పక్కన ఈ చిన్న రంధ్రాలు కనిపిస్తున్నాయి కదా, ఇవి మైక్రో అడ్జస్ట్. లింకు తీయకుండా కొద్ది ఎంఎంలు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. రెండు రెక్కల్లా తెరుచుకునే బటర్‌ఫ్లై క్లాస్ప్‌లో చాలావాటికి ఇది ఉండదు. చూడ్డానికి బాగుంటుంది, కానీ సగం లింకు తేడా వస్తే ఎప్పుడూ బిగుతో, వదులో. మన ఎండాకాలానికి అది వద్దు.

లింకులు తీసేటప్పుడు లోపల బాణం గుర్తులుంటాయి. పిన్నుని ఆ బాణం చూపించే వైపుకే తోయాలి, తిరిగి పెట్టేటప్పుడు ఎదురు దిక్కు నుంచి. కొన్ని వాచ్‌లకి పిన్నుతో పాటు మధ్యలో అతి చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని కాలర్ అంటారు. అది కింద పడితే దొరకదు, అది లేకుండా పిన్ను పెడితే కొన్నాళ్లకి జారి వాచ్ పడిపోతుంది. అందుకే తెల్ల గుడ్డ పరిచి చేయండి. రెండు వైపులా సమానంగా తీయండి, ఒకటి మిగిలితే 6 అంకె వైపు నుంచి తీయండి. సాయంత్రం పూట కొలతకి పెట్టుకుని, క్లాస్ప్ కింద చిటికెన వేలు దూరేంత వదులు ఉంచండి.

చైన్ సాగిపోయింది అంటుంటారు. స్టీల్ సాగదండీ. దుమ్ము, చెమట కలిసి లింకుల మధ్య గరుకు ముద్దలా తయారై పిన్నునీ, రంధ్రాన్నీ అరగదీస్తుంది. రెండు వారాలకోసారి గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో లింకుల మధ్య తోమండి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. వాచ్ మీద వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు అని ఉంటే చైన్ విడదీసి కడగండి, ఆ రేటింగ్ చినుకులకే సరిపోతుంది. బీచ్‌కి వెళ్లొస్తే ఆ రోజే కడగాలి.

మరి ఏది కొనాలి? రోజంతా బయట తిరిగే పని, ఒక్కటే కొనగలరు అంటే మైక్రో అడ్జస్ట్ ఉన్న 316ఎల్ చైన్. బరువు పడనివాళ్లకి, ఆటలాడేవాళ్లకి గాడులున్న రబ్బర్. గుండె వేగం చూసే స్మార్ట్‌వాచ్‌కి కూడా రబ్బరే, ఎందుకంటే చైన్ వదులుగా ఊగితే కింద సెన్సర్ చర్మాన్ని సరిగా తాకదు, లెక్క తప్పుతుంది. ఏసీ ఆఫీసు, పెళ్లిళ్లు, డిసెంబర్ జనవరి చలి, వీటికి లెదర్. దాన్ని రెండో బెల్ట్‌గా కొనండి, మొదటిదిగా వద్దు.

మార్చుకునేటప్పుడు కొమ్ముల మీద సెల్లోటేప్ అంటించండి, గీతలు పడవు. స్ప్రింగ్ బార్ టూల్ కొస ఫోర్కులా ఉంటుంది, దాన్ని బార్ గట్టు మీద పెట్టి లోపలికి నొక్కి వంచితే వచ్చేస్తుంది. క్విక్ రిలీజ్, అంటే బార్‌కి చిన్న పిడి ఉంటే దాన్ని గోరుతో లాగితే చాలు. పాత బార్లు మళ్లీ వాడకండి. తుప్పు లోపలి స్ప్రింగ్ నుంచి మొదలవుతుంది, పైకి తెలియదు. డైవింగ్ వాచ్‌ల ప్రమాణం ఐఎస్‌ఓ 6425లో బెల్ట్ బిగింపుని 200 న్యూటన్లతో, అంటే సుమారు 20 కిలోల బరువంత లాగి పరీక్షిస్తారు. మనం అంత చేయక్కర్లేదు. కొత్త బార్ పెట్టాక రెండు కొసలూ టిక్కుమని రంధ్రంలో కూర్చున్నాయో లేదో విని, మంచం మీద పట్టుకుని బెల్ట్‌ని రెండు వైపులా గట్టిగా ఒకసారి లాగి, పక్కలకి మెలి తిప్పి చూడండి. కదిలితే మళ్లీ తీసి పెట్టండి, అప్పుడే చేతికి కట్టుకోండి.