తిరుపతి నుంచి సేవల ఎగుమతి: కాగితాలు ఎక్కడ తప్పుతాయి

అందరికీ నమస్కారం.

రేణిగుంట నుంచి సర్క్యూట్ బోర్డుల పెట్టె విదేశానికి వెళ్తే దానికి షిప్పింగ్ బిల్లు ఉంటుంది, కస్టమ్స్ వాళ్ళు చూస్తారు. అదే ఊళ్ళో రాసిన కోడ్ ఇంటర్నెట్‌లో వెళ్తే చూసేవాళ్ళు లేరు. ఎలక్ట్రానిక్ ప్రసారాలపై సుంకం వేయబోమని ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు 1998లో ఒప్పుకుని, ఆ మాటను పదే పదే పొడిగించుకుంటూ వచ్చాయి. సుంకం లేకపోవడం మనకు లాభమే. కానీ ఎగుమతి జరిగిందని చెప్పే కస్టమ్స్ కాగితమూ ఉండదు. ఆ రుజువు ఒప్పందం, ఇన్వాయిస్, బ్యాంకులో పడిన సొమ్ము, ఈ మూడింటిలోనే దొరకాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పని అమెరికా కంపెనీదే, కానీ సంతకం చేసేది, రూపాయల్లో డబ్బు కట్టేది దాని బెంగళూరు శాఖ. అది ఎగుమతి కాదు, 18 శాతం జీఎస్‌టీ వేయాల్సిందే. సేవ పొందేవారు, సేవ అందిన చోటు రెండూ విదేశంలో ఉండాలి. డబ్బు విదేశీ మారకంలో రావాలి, లేదా రిజర్వ్ బ్యాంకు అనుమతించిన సందర్భాల్లో రూపాయల్లో రావచ్చు. మీ సొంత విదేశీ శాఖకు వేసిన బిల్లు కూడా ఎగుమతి కింద చెల్లదు.

జీఎస్‌టీ నంబరు ఉంటే, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ, అంటే హామీ పత్రం, ఇవ్వాలి. అది మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ మొదటి ఇన్వాయిస్‌కు ముందే కొత్తది వేసేయండి, ఆడిటర్ గుర్తుచేస్తాడులే అని కూర్చోకండి. ఇన్వాయిస్ తేదీ నుంచి ఏడాది, లేదా విదేశీ మారకం చట్టం కింద రిజర్వ్ బ్యాంకు ఇచ్చే గడువు, వీటిలో ఏది తర్వాత ముగిస్తే అప్పటిలోపు డబ్బు రాకపోతే, ఆపై 15 రోజుల్లో పన్నుతోపాటు 18 శాతం వడ్డీ కట్టాలి.

రిఫండ్‌లో ఒక మెలిక ఉంది. ఆఫీసు అద్దె, బ్రాడ్‌బ్యాండ్, క్లౌడ్ బిల్లుల మీద కట్టిన జీఎస్‌టీ వెనక్కి అడగొచ్చు. మూలధన వస్తువుగా చూపిన ల్యాప్‌టాప్‌ల మీదది రిఫండ్ లెక్కలోకి రాదు, తర్వాత కట్టే పన్నుకు సర్దుకునే క్రెడిట్‌గా మిగులుతుంది.

ఇక బ్యాంకు సంగతి. 5,000 డాలర్ల ఇన్వాయిస్‌కు 4,970 పడిందనుకోండి, తేడా మధ్యలోని బ్యాంకు కోసుకున్నది. ఇన్వాయిస్‌ను 4,970కి దిద్దకండి. పూర్తి మొత్తమే ఉంచి, తేడాను బ్యాంకు ఖర్చుగా రాసుకోండి. ఖర్చులన్నీ పంపేవారే భరించే ఓయూఆర్ పద్ధతిని ఒప్పందంలోనే రాయించుకుంటే ఈ తలనొప్పి తగ్గుతుంది. పంపినవారి పేరు ఇన్వాయిస్‌లోని పేరుతో కలవకపోతే బ్యాంకు ఆపి అడుగుతుంది. అందుకే మూడో పార్టీ చెల్లింపైతే క్లయింటు చేత ముందే లేఖ రాయించుకోండి. విదేశం నుంచి సొమ్ము దేనికి వచ్చిందో బ్యాంకుకు చెప్పేది పర్పస్ కోడ్; సాఫ్టెక్స్ ఫారం కిందికి రాని సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి అది పీ0802. బ్యాంకు క్లర్కు తోచింది వేసేదాకా ఆగకుండా మీరే చెప్పండి. విదేశీ సొమ్ము అందిందని బ్యాంకు ఇచ్చే రసీదు పత్రం అదే రోజు అడిగి దాచుకోండి, రిఫండ్ దరఖాస్తుకు అదే కావాలి.

సాఫ్ట్‌వేర్ ఎగుమతికి దాని విలువను ప్రకటించే సాఫ్టెక్స్ ఫారం కూడా ఉంటుంది. దాన్ని ధ్రువీకరించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌టీపీఐకి (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా) తిరుపతిలోనే కేంద్రం ఉంది. మొదటి ఇన్వాయిస్ ఇవ్వకముందే ఒప్పందం కాపీ తీసుకుని అక్కడికి వెళ్ళి మాట్లాడండి.