మనసులోకి చెక్ ట్రే

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకి, అమ్మలకి, పిల్లలకి నమస్కారమండి.

ఇక్కడ రొయ్యల రైతులు చాలామందే ఉన్నారు కాబట్టి మీ చెరువు దగ్గరే మొదలుపెడతాను. గట్టు మీద నిలబడి ఎంతసేపు చూసినా అడుగున రొయ్య మేత తింటోందో లేదో కనపడదు. అందుకని చెక్ ట్రే అనే చిన్న వల పళ్ళెంలో కాస్త మేత వేసి దింపుతారు. గంటన్నర, రెండు గంటలాగి తాడు పట్టుకుని మెల్లగా పైకి లాగుతారు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, మధ్యమధ్యలో తెగిందా, రెట్ట రంగు ఎలా ఉంది, అన్నీ వేలితో కదిపి మరీ చూస్తారు. దాన్ని బట్టే తర్వాతి మేత. ఊహ మీద బస్తాలు కుమ్మరిస్తే చెరువు అడుగు చెడిపోతుందని మీకు నేను చెప్పాలా?

తలలో ఏం నడుస్తోందో మాత్రం మనం గట్టు మీద నుంచే చెప్పేస్తాం. “నేనేం ఆలోచించట్లేదండి” అంటాం. “నాకెప్పుడూ పిల్లల ధ్యాసేనండి” అంటాం. ఎత్తి చూస్తే ఉండేది వేరు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: తలపుల్ని ఆపక్కర్లేదు, తరమక్కర్లేదు. రోజులో నాలుగైదుసార్లు ఎత్తి చూడటం అలవాటు చేసుకుంటే చాలు.

అమెరికాలో రస్సెల్ హర్ల్‌బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచీ ఈ పనే చేస్తున్నారు. మనిషికి ఒక చిన్న యంత్రం ఇస్తారు. అది చెప్పాపెట్టకుండా ఎప్పుడో ఒకప్పుడు కూత పెడుతుంది. కూతకి సరిగ్గా ముందు క్షణంలో మనసులో ఏముందో అదే రాసుకోవాలి. ఎందుకు వచ్చింది, మంచిదా చెడ్డదా అన్న విచారణ వద్దు. అలా రాస్తే తేలిందేమిటంటే, నేనెప్పుడూ మాటల్లోనే ఆలోచిస్తానని గట్టిగా నమ్మినవాళ్ళలో కొందరికి మాటలే లేవు. బొమ్మలున్నాయి, గుండెలో బరువుంది, ఎక్కడో వేడి ఉంది. ఇన్నేళ్ళు తమతో తాము కాపరం చేసి కూడా ఆ సంగతి వాళ్ళకి తెలియదండి.

2010లో హార్వర్డ్‌కి చెందిన ఇద్దరు పరిశోధకులు ఫోన్ల ద్వారా 2,250 మందిని వేళకాని వేళ అడిగారు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు? దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు మనిషి సంతోషం కూడా తక్కువగానే ఉంది. అన్నం ముందు కూర్చుని ఎక్కడెక్కడో తిరిగొస్తున్నామన్నమాట.

అయితే ఆపేద్దాం అంటారేమో. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోకూడదని మన పెద్దలు చెప్పిన కథ మీరంతా ఎరుగుదురు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే ఆయన తెల్ల ఎలుగుబంటితో అదే పరీక్ష పెట్టారు. దాన్ని తలచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. కాబట్టి ఆపడం మన పని కాదు.

మరి ఎత్తి చూడటమంటే ఏమిటి? ఇక్కడ కాస్త నిదానంగా వినండి, అసలు పని ఇక్కడే ఉంది. కూతురు కువైట్‌లో పనిచేస్తున్న ఒక తల్లిని అడిగాను, ఏం ఆలోచిస్తున్నావమ్మా అని. “అమ్మాయి గురించేనండి” అంది. అది తలపు కాదు, తలపుకి పెట్టిన పేరు. ఉన్నదున్నట్టు ఏ మాట నడిచింది అని మళ్ళీ అడిగితే, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించి చెప్పింది: “మొన్న ఫోన్లో దాని గొంతు తేడాగా ఉంది. నాకు చెప్పకుండా ఏదో దాస్తోంది.” చూశారా, ఇప్పుడు ఆ తల్లి చేయగలిగింది ఒకటుంది. ఫోన్ చేసి, గొంతెందుకలా ఉందమ్మా అని అడగొచ్చు. “అమ్మాయి గురించి” అన్నంతవరకూ ఆమెకి నిద్ర పట్టకపోవడం తప్ప దారి లేదు.

నవంబరులో గాలి లేస్తే ఇక్కడ నలభై దాటినవాళ్ళ ముఖాలు మారతాయి. 1996 నవంబరు 6 రాత్రి ఏం జరిగిందో, తెల్లారేసరికి కొబ్బరి తోటలు ఎలా పడున్నాయో మీరు మర్చిపోలేరు. గాలి వీస్తోంది అన్నది బయట ఉన్న సంగతి. చెట్టు ఇంటి మీద పడుతుంది అన్నది లోపల లేచిన తలపు. అది అబద్ధమని నేననను, నిజం కూడా కావచ్చు. కానీ ఇది తలపు అని గుర్తుపట్టినవాడు వాతావరణ శాఖ హెచ్చరిక ఉందో లేదో చూస్తాడు. ఉంటే పిల్లల్ని తీసుకుని తుపాను షెల్టరుకి వెళ్తాడు, లేకపోతే పడుకుంటాడు. గుర్తుపట్టనివాడు రాత్రంతా ఆ చెట్టు కిందే ఉంటాడు.

ఈ విద్య పరాయిది కాదు. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది కదా. బౌద్ధుల పాత బోధల్లో ఒకటైన సతిపట్ఠాన సుత్తంలో ఉన్నది ఇదే. కోపంతో ఉన్న మనసుని కోపంతో ఉన్న మనసని తెలుసుకోవడం, చెదిరిన మనసుని చెదిరిన మనసని తెలుసుకోవడం. తిట్టుకోమని లేదు, తెలుసుకోమనే ఉంది. ఆదుర్రు వెళ్ళినప్పుడు ఇటుకలతో పాటు ఈ మాట కూడా పిల్లలకి చెప్పాలని నా కోరిక.

మీకు కూత పెట్టే యంత్రం అక్కర్లేదు. మన ఊళ్ళో కరెంటు చెప్పకుండానే పోతుంది. ఫ్యాను ఆగిన ఆ క్షణంలో, విసుక్కునే లోపు, ఇంతకుముందు లోపల ఏ మాట నడుస్తోందో పట్టుకోండి. ఫోను మోగితే ఎత్తేముందు పట్టుకోండి. వీలైతే పాత నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. “డబ్బుల గొడవ” అని కాదు, “రేపు మేత డీలరు అడిగితే ఏం చెప్పాలి” అని. వారం తర్వాత చదివితే ఒకే వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో మీకే కనపడుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. చూడటం వేరు, నెమరువేయడం వేరు. ఎత్తి చూసి దింపేయాలి, ట్రే పట్టుకుని గట్టు మీదే కూర్చోకూడదు. ఇక ఆ పుస్తకంలో “నేను లేకపోతేనే బాగుండు” లాంటి మాట కనపడితే, మీదైనా, మీ ఇంట్లోవాళ్ళదైనా, దాన్ని ఒంటరిగా మోయొద్దు. పంట పోయి, అప్పు మిగిలి, ఆ మాటని ఎవరికీ చెప్పకుండా పోయిన మనుషులు మన డెల్టాలో ఉన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత ఫోను సాయం ఉంది, నంబరు 14416. రాత్రైనా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి గుమ్మం పక్కన అంటించాం. వెళ్ళేటప్పుడు ఫోన్లో ఎక్కించుకోండి, రాలేకపోయిన మీ వీధివాళ్ళకి కూడా చెప్పండి.