కిడ్నీ కబురు పంపకపోతే రక్తం ఎందుకు పట్టదు?

[తెర మీద: డయాలసిస్ మిషన్, గొట్టాల్లో తిరుగుతున్న రక్తం]

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మిషన్ యూరియా తీసేస్తుంది, పొటాషియం తగ్గిస్తుంది, ఒంట్లో చేరిన నీరు లాగేస్తుంది. అయినా పేషెంట్ కింది కనురెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రిపోర్టులో హిమోగ్లోబిన్ 7. వడపోత బాగానే జరుగుతోంది కదా, మరి రక్తం ఎందుకు పట్టట్లేదు?

కిడ్నీకి ఇంకో ఉద్యోగం ఉంది. దాని వెలుపలి పొరలో, సన్నని నాళాల మధ్య ఇరుక్కున్న కొన్ని కణాలు ఆక్సిజన్ ఎంత అందుతోందో కనిపెడుతూ ఉంటాయి. తగ్గిందా, ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్ వదులుతాయి. పొట్టిగా ఈపీఓ. అది ఎముకల్లోని మూలుగకు చేరి ఎర్ర కణాల తయారీ పెంచుతుంది. పెద్దవాళ్లలో దాదాపు 90 శాతం ఈపీఓ కిడ్నీ నుంచే వస్తుంది. కిడ్నీ దెబ్బతిని మచ్చకడితే ఆ కబురు ఆగిపోతుంది. దాన్ని పంపడం మిషన్‌కు చేతకాదు.

[తెర మీద: షికాగో, 1957]

ఈ హార్మోన్ కిడ్నీదేనని తేల్చింది షికాగో యూనివర్సిటీలో లియాన్ జేకబ్సన్, యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం. ఎలుకల్లో పిట్యూటరీ, థైరాయిడ్, ప్లీహం... ఒక్కోదాన్నీ తీసి చూశారు. ఏది తీసినా హార్మోన్ వస్తూనే ఉంది. రెండు కిడ్నీలూ తీసినప్పుడే ఆగింది.

ఇక్కడో మెలిక. కిడ్నీలు లేకపోతే ఒంట్లో వ్యర్థాలు పేరుకుంటాయి. హార్మోన్ ఆగింది వాటి వల్లేనేమో? అందుకే కొన్ని ఎలుకల్లో కిడ్నీలు అలాగే ఉంచి, మూత్రనాళాలు మాత్రం కట్టేశారు. వ్యర్థాలు పేరుకున్నాయి, అయినా హార్మోన్ వచ్చింది. అనుమానం తీరింది.

దాన్ని విడదీసి పట్టుకోవడానికి మాత్రం మరో ఇరవై ఏళ్లు పట్టింది. మందిచ్చి గొర్రెలకు రక్తహీనత తెప్పించి, వాటి రక్తం నుంచి తీయబోతే దక్కింది అతి కొంచెం. పైగా శుద్ధిలో ఒక్కో అంచె దాటాక హార్మోన్ ఎంత మిగిలిందో కొలవాలి. పస్తు పెట్టిన ఎలుకకు ఆ ద్రవం ఎక్కించి, తర్వాత రేడియోధార్మిక ఇనుము ఇచ్చి, కొత్త ఎర్ర కణాల్లోకి ఎంత చేరిందో లెక్కగట్టాలి. ఒక్కో కొలతకు రోజులు.

దారి జపాన్‌లో దొరికింది. కుమమోటోలో తకాజి మియాకే అప్లాస్టిక్ అనీమియా రోగుల మూత్రం 2,550 లీటర్లు పోగుచేశాడు. మూత్రమే ఎందుకంటే, ఆ జబ్బులో మూలుగ పలకదు. కిడ్నీ కబురు మీద కబురు పంపుతూనే ఉంటుంది, మిగిలింది మూత్రంలోకి దిగుతుంది. ఆ మూత్రాన్ని ఎండబెట్టి, పొడిగా షికాగో తెచ్చాడు. ఏడు అంచెల శుద్ధి తర్వాత, 1977 నాటికి దక్కింది సుమారు 8 మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజంత బరువు కూడా లేదు!

ఆ కాస్త ప్రొటీన్ ఆధారంతోనే ఆమ్‌జెన్ కంపెనీలో ఫూ-కువెన్ లిన్ 1983లో జన్యువును పట్టుకున్నాడు. హామ్‌స్టర్ కణాల్లో హార్మోన్ తయారీ మొదలైంది. అమెరికాలో 1989 జూన్‌లో అనుమతి వచ్చింది. షికాగో యూనివర్సిటీ పేటెంట్ తీసుకోలేదు. లాభమంతా కంపెనీదే.

[తెర మీద: ఫ్రిజ్‌లో సిరంజి]

ఇప్పుడు ఈ ఈపీఓ ఇంజెక్షన్ వాడకం. మొదట కిలో బరువుకు 50 నుంచి 100 యూనిట్లు, వారానికి మూడుసార్లు. 60 కిలోల మనిషికి ఒక్కో డోసు 3,000 నుంచి 6,000 యూనిట్లు. 4,000 యూనిట్ల సిరంజి అంతగా కనిపించేది అందుకే. రెండు వారాల్లో హిమోగ్లోబిన్ 1 గ్రాము కంటే ఎక్కువ పెరిగితే డాక్టర్ డోసు తగ్గిస్తారు.

ఇంజెక్షన్ పడుతున్నా రక్తం పెరగకపోతే ముందు అనుమానించాల్సింది ఐరన్‌ని. కబురు అందినా సరుకు లేకపోతే మూలుగ ఏం చేస్తుంది? ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ ఒక్కటే చూసి ధీమా పడకూడదు, ఇన్‌ఫెక్షన్ ఉంటే అది ఊరికే పెరుగుతుంది. రక్తంలో వాడకానికి ఐరన్ ఎంత అందుబాటులో ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా చూడాలి. డయాలసిస్ కోసం పెట్టిన గొట్టంలో (కాథెటర్) దాగిన ఇన్‌ఫెక్షన్ కూడా మందును పనిచేయనివ్వదు. నిల్వ సంగతి మరీ ముఖ్యం: 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే పారేయాల్సిందే. సిరంజిని గట్టిగా కుదిపినా ప్రొటీన్ పాడవుతుంది.

ఎక్కువైతే మంచిదేగా అనుకోవద్దు. 2006లో వచ్చిన క్వైర్ (CHOIR) అధ్యయనంలో హిమోగ్లోబిన్ 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకు, 11.3 లక్ష్యం ఉన్నవాళ్ల కంటే మరణం, గుండెపోటు, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం, పక్షవాతం అన్నీ కలిపి లెక్కిస్తే ఎక్కువయ్యాయి. బీపీ కూడా పెరుగుతుంది. కాబట్టి ఈ మందు వాడుతున్నవాళ్లు బీపీ లెక్క రాసిపెట్టుకోవాలి.

రక్తం ఎక్కించుకుంటే సరిపోదా? అత్యవసరమైతే తప్పదు. కానీ ఎక్కించిన కొద్దీ ఒంట్లో యాంటీబాడీలు పెరిగి, రేపు కిడ్నీ మార్పిడికి సరిపడే దాత దొరకడం కష్టమవుతుంది. ఉద్దానంలోనైనా హైదరాబాద్‌లోనైనా మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఈ విషయం డాక్టర్‌ను అడగాలి.

[తెర మీద: మాత్రలు]

ఈపీఓ జన్యువు ఎప్పుడు మేలుకుంటుందో వెతుకుతూ గ్రెగ్ సెమెంజా, ఆక్సిజన్ తగ్గినప్పుడు దాన్ని మేల్కొలిపే హిఫ్ అనే ప్రొటీన్‌ను కనుగొన్నాడు. ఆ దారిలో చేసిన పనికి ఆయనకు, పీటర్ రాట్‌క్లిఫ్‌కు, విలియం కేలిన్‌కు 2019 నోబెల్ వచ్చింది. ఇప్పుడు మాత్రలు కూడా ఉన్నాయి. జైడస్ కంపెనీ డెసిడుస్టాట్‌కు మన దేశంలో 2022లో అనుమతి దొరికింది. ఈ మాత్ర హిఫ్ కరిగిపోకుండా ఆపి, ఒంట్లోనే ఈపీఓ తయారయ్యేలా చేస్తుంది. మాత్ర వేసుకున్నా ఐరన్ పరీక్ష మాత్రం తప్పదు.