ఒక మోదుగ చెట్టు, ఆరు ఋతువులు: వాటర్ కలర్‌లో ఫాల్గుణం పేజీ

నమస్తే అండీ. గాలి శబ్దం వస్తోందేమో, మైకుకి చున్నీ చుట్టాను, కొంచెం సర్దుకోండి. నా వెనకాల కనిపిస్తోంది కదా, అదే ఈరోజు మన హీరోయిన్. మోదుగ చెట్టు. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్ళే దారిలో, అనంతగిరి గుట్టలు ఇంకాసేపట్లో వస్తాయనగా, చేను గట్టు మీద ఉంటుంది. ఒక్క ఆకు లేదు చూడండి. మొత్తం పువ్వే.

నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే. ఏం గీయాలో తోచడం లేదు, ఇన్‌స్పిరేషన్ కోసం ఎక్కడికి వెళ్ళాలి అని. నేనూ అలాగే తిరిగానండీ. అరకు వెళ్ళాను, పాపికొండలు వెళ్ళాను, వెళ్ళిన చోటల్లా రెండొందల ఫొటోలు. ఇంటికొచ్చాక ఒక్క బొమ్మ లేదు. ఈ చెట్టు మాత్రం నేను వెతుక్కున్నది కాదు. బండి పంక్చరైతే దీని కింద గంటసేపు కూర్చున్నాను, అంతే. ఆషాఢం అది. అప్పుడు పువ్వు లేదు, ఆకు ఉంది. మూడేసి ఆకులు, విస్తళ్ళు కుట్టే ఆకు. చేతిలో వేరే పని లేక బిల్లు వెనకాల పెన్నుతో గీశాను. ఇదిగో, ఆ బిల్లు. పుస్తకం మొదటి పేజీకి అంటించాను.

అప్పటి నుంచి లెక్క ఏమిటంటే, ఏడాదికి ఆరు పేజీలు. ఋతువుకో పేజీ. చెట్టు అదే, నేను కూర్చునే రాయి కూడా అదే. ఇలా తిప్పుతాను చూడండి. ఇది గ్రీష్మం, ఇది వర్షం, దీని మీద చుక్కలు నేను వేసినవి కావు, నిజం చినుకులే పడ్డాయి. ఇది శరత్తు, ఇది హేమంతం. ఇక్కడ చూడండి, కొట్టివేత ఉంది. ‘వసంతం’ అని రాసి కొట్టేసి ‘శిశిరం’ అని రాశాను. పువ్వు అనగానే వసంతం అనేసుకుంటాం కదా. పంచాంగం ప్రకారం మాఘ, ఫాల్గుణాలు శిశిరం. హోలీ వచ్చేది ఫాల్గుణ పౌర్ణమికి. అంటే ఈ పువ్వంతా విరగబూసేది శిశిరంలోనే. ఉగాది వచ్చేసరికి సగం రాలిపోతుంది. కాబట్టి మీరూ ఈ పేజీ వేయాలనుకుంటే చైత్రం దాకా ఆగకండి, ఇప్పుడే వెళ్ళండి.

సరే, సామాను. త్వరగా చెప్పేస్తాను. 300 జీఎస్ఎం పేపర్, అంటే మందపాటిది, పల్చనైతే ముడతలు పడుతుంది. ఎనిమిదో నంబర్ రౌండ్ బ్రష్ ఒకటి, మూడో నంబర్ ఒకటి. నీళ్ళ సీసా. పాత గుడ్డ. రంగులు స్టూడెంట్ బాక్సులోవే, అందులో ఐదే వాడతాను: గ్యాంబోజ్ అంటే ముదురు పసుపు, వెర్మిలియన్ అంటే నారింజ పోలిక ఎరుపు, క్రిమ్సన్ లేక్ అంటే ముదురు ఎరుపు, అల్ట్రామెరైన్ అంటే ముదురు నీలం, బర్న్ట్ సియెన్నా అంటే ఎర్రటి గోధుమ రంగు. ప్యాలెట్టా? ఇది టిఫిన్ బాక్సు మూత. స్టీలు మీద రంగు ముత్యాల్లా విడిపోతుంది, నాకు నచ్చదు, అందుకే ఇలా పాలిథిన్ కవరు తొడిగాను. నిజానికి ఇంట్లో తెల్ల పింగాణీ సాసర్ అన్నింటికన్నా మంచిది. కానీ రెండు బండి మీద పగిలాయి. నీళ్ళు నింపుకునే బ్రష్ పెన్నులు ఉంటాయి కదా, రైల్లో అవి చాలా బాగుంటాయి. ఇక్కడ కూర్చోవడానికి చోటుంది కాబట్టి మామూలు బ్రషే.

మొదటి పని, రంగు నోటు. బొమ్మ కాదు, ఇక్కడ కనిపిస్తున్న రంగుల్ని కలిపి గుర్తుగా పెట్టుకోవడం. పేజీ అంచున ఇలా నాలుగు గడులు, అగ్గిపెట్టె సగమంత. రాలిన పువ్వొకటి తీసుకుని గడి పక్కన పెట్టండి. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతాను. ఈ వంపు చూశారా? అచ్చం చిలుక ముక్కు. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారు, ‘ఇది చిలుకా ఏమిటి?’ అని. కింద ఈ గిన్నె లాంటి భాగం చూడండి, ముదురు గోధుమ రంగు, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటుంది. ఇప్పుడు పువ్వుని ఇలా ఎండకి వాల్చితే... ఆఁ, అది! రేకు బయటివైపు వెండి మెరుపు. సన్నటి నూగు ఉంటుందన్నమాట. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది దీనితో.

ఫొటో తీసుకుని ఇంట్లో వేస్తే పోదా అంటారు. తీసుకోండి, కొమ్మల ఆకారం కోసం. రంగు కోసం మాత్రం వద్దు. ఈ నారింజని నా ఫోన్ పట్టుకోలేదు. ఎండలో ఎరుపు మరీ ఎక్కువైపోయి, పువ్వులోని వెలుగూ నీడా కలిసిపోయి, చెట్టు మీద ఎవరో కుంకుమ ముద్దలు విసిరినట్టు వస్తుంది. ఇవి నేను మొదటి ఏడాది ఫొటో చూసి వేసినవి, ఇలాగే ఉన్నాయి చూడండి. ముద్దలు.

నారింజ కలిపేటప్పుడు గ్యాంబోజ్ ఎక్కువ, వెర్మిలియన్ కొంచెం. లెమన్ ఎల్లో, క్రిమ్సన్ కలపకండి, ఆ రెండూ కలిస్తే కాస్త మురికిగా వస్తుంది. క్రిమ్సన్‌లో నీలం పోలిక ఉంటుంది, లెమన్‌లో ఆకుపచ్చ పోలిక. మన పువ్వులో ఆ రెండూ లేవు. మొదటి గడి గ్యాంబోజ్, రెండోది నారింజ, మూడోది అదే నారింజలో చుక్క క్రిమ్సన్, నీడ కోసం. నాలుగోది గిన్నె రంగు, బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్. నలుపు ట్యూబు మూత తీయకండి. పక్కన తేదీ, టైము. ఉదయం ఏడున్నర. అయిపోయింది.

పెన్సిల్ గీత. ఇది మీకు తెలిసిందే. మొదలు, మూడు పెద్ద కొమ్మలు, పైన గుబురు ఎంతవరకు ఉందో లీలగా ఒక గీత. మోదుగ తిన్నగా పెరగదు, మొదలు వంకర్లు పోతుంది, అందుకే చేయి వణికినా పర్వాలేదు, కలిసిపోతుంది. పువ్వులు ఒక్కొక్కటీ గీయకండి. అయిపోయింది, ముందుకి.

ఇప్పుడు ఆకాశం. ఇక్కడ ఆగుదాం. ఇక్కడ నేను రెండేళ్ళు ఇరుక్కున్నాను.

వాటర్ కలర్‌లో అందరూ చెప్పేదేమిటి? ముందు ఆకాశం, పేజీ మొత్తం ఒక లేత వాష్, అంటే నీళ్ళగా పరిచిన రంగు, ఆరాక మిగతావి. నేనూ అలాగే చేశాను. పేజీ తడిపి పైనుంచి కింది దాకా చక్కగా నీలం దింపాను. ఆరింది. దాని మీద మంచి నారింజ కలిపి పువ్వులు పెట్టాను. ఏమైంది? ఇదిగో, ఆ పేజీ దాచాను. చూడండి. మోదుగ కాదు, ఎండిపోయిన బంతిపూల దండ. పువ్వులన్నీ మట్టిరంగు.

రంగు నాసిరకమేమో అనుకుని ఖరీదైన ట్యూబు కొన్నాను. మళ్ళీ అంతే. పేపర్ మార్చాను. మళ్ళీ అంతే. తప్పు ఎక్కడుందంటే, వాటర్ కలర్ అంటే రంగుటద్దం లాంటిది. కింద ఉన్న రంగు పైకి కనబడుతూనే ఉంటుంది. రంగుల చక్రంలో నీలానికి సరిగ్గా ఎదురుగా ఉండేది నారింజ. ఆ రెండూ పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. అందుకే నీలాకాశం కింద ఈ చెట్టు అంత మండుతున్నట్టు ఉంటుంది. అదే ఒకదాని మీద ఒకటి పడితే రెండూ చచ్చి బురదవుతాయి. కళ్ళకి ఆ చెట్టుని అందంగా చూపించిన నీలమే నా పేపర్ మీద దాన్ని చంపుతోందన్నమాట.

అందుకని తిరగేద్దాం. ముందు పువ్వు. పేపర్ పొడిగా ఉండగానే, గుబురు ఉన్న చోటల్లా గ్యాంబోజ్ పల్చగా, ఇలా బ్రష్ పక్కకి వాల్చి, చిన్న చిన్న మచ్చలు. చిలుక ముక్కులు అక్కర్లేదు, మచ్చలు చాలు. మధ్యలో ఖాళీలు వదలండి, ఆకాశం కనబడాలి కదా. దీన్ని పూర్తిగా ఆరనివ్వండి. పూర్తిగా. వేలి వెనక వైపు ఆనిస్తే చల్లగా తగలకూడదు. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉంది.

ఆరింది. ఇప్పుడు ఆకాశం. అల్ట్రామెరైన్ బాగా నీళ్ళగా. గుబురు బయట పెద్ద బ్రష్‌తో హాయిగా లాగేయండి. గుబురు లోపలికి వచ్చేసరికి మూడో నంబర్ బ్రష్. మచ్చల మధ్య సందుల్లో నీలం నింపుతూ రండి. పసుపుకి ఆనించకండి. వెంట్రుకంత తెల్ల కాగితం వదలండి, ఇలా. అన్నిచోట్లా సమానంగా రాదు, రాకపోతేనే బాగుంటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, రేకు మీద వెండి మెరుపు. అది ఈ వదిలేసిన తెలుపే. ఆ మెరుపు కోసం ఒకప్పుడు తెల్ల పోస్టర్ కలర్ రాసేదాన్ని. సున్నం వేసినట్టుండేది.

తెల్లగా ఉండాల్సిన చోట ముందే రాసి తర్వాత ఒలిచేసే మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడొచ్చు కదా అంటారేమో. వాడొచ్చు. నేను వాడను. ఎండలో ఎక్కువసేపు ఉంటే పేపర్‌ని కరిచి పట్టుకుంటుంది, లాగితే పై పొర లేచి వచ్చేస్తుంది. దానివల్ల పాడైపోయిన బ్రష్‌లు కూడా ఉన్నాయి.

ఇంకొక్క మాట, ఆరడం గురించి. ఊరు మారితే రంగు ఆరే తీరు కూడా మారుతుంది. కార్తీకంలో అరకు వెళ్ళినప్పుడు వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టున్నాయి. విశాఖ నుంచి ఆ రైల్లో సొరంగం తర్వాత సొరంగం, వెలుగొచ్చిన ప్రతిసారీ రెండు గీతలు గీసుకుంటూ, సొరంగంలో ఆగుతూ వెళ్ళాను. అదొక మంచి ప్రాక్టీసు, తీరిగ్గా చెక్కే అలవాటు పోతుంది. తర్వాత పొద్దున్నే పొలం గట్టున కూర్చుంటే మంచు. ఇరవై నిమిషాలైనా వాష్ ఆరలేదు. ఆరిందనుకుని రెండో రంగు పెడితే తడి పాకి, పేజీ మధ్యలో క్యాలీఫ్లవర్ పూసినట్టు మచ్చ పడింది. కాబట్టి మంచు ఉన్న చోట ముందు పెన్సిల్, రంగు నోటు మాత్రం చేసుకోండి, ఎండ వచ్చాక వాష్. ఇక వైశాఖంలో ఇక్కడ దానికి పూర్తిగా రివర్స్, బ్రష్ అటు చివరకి చేరేలోపు ఇటు చివర ఆరిపోయి గీత పడుతుంది. అప్పుడు ఆరున్నరకల్లా వచ్చేయాలి, పేపర్ వెనక కూడా తడపాలి.

సరే, మళ్ళీ చెట్టు దగ్గరికి. ఆకాశం ఆరింది. ఇప్పుడు పసుపు మచ్చల మీద నారింజ, మొత్తం కప్పకుండా, ఎండ అటునుంచి వస్తోంది కాబట్టి అటువైపు పసుపు వదిలేసి. తడిగా ఉండగానే కింది అంచున క్రిమ్సన్ కలిపిన నీడ. అదే పాకుతుంది, మీరు తోయకండి. చూశారా? వెలిగింది. నీలం పక్కనే ఉంది, కిందలేదు. అంతే తేడా.

కొమ్మలు చకచకా. గిన్నె రంగు ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. ఈ ముదురు చుక్కలు పడేదాకా ఏ నారింజ పువ్వయినా కావచ్చు, ఇవి పడ్డాకే మోదుగ. ఎక్కువ వేయకండి, పది పన్నెండు చాలు. మీద గోరింకలు వాలాయి, తేనె కోసం. ఒక దాన్ని పెడదాం. చుక్క, ఇంకో చుక్క, తోక. ఎగిరిపోయింది. మనది మాత్రం ఉంది.

నేల, బర్న్ట్ సియెన్నా పల్చగా, రాలిన పువ్వులు నాలుగు. అంతే.

ఆఁ, ఈ మూల చూడండి, వెలిసిపోయిన మచ్చ ఉంది కదా. పోయినేడాది పేజీ ఇది. హోలీకి ఊళ్ళల్లో మోదుగ పూలు నీళ్ళలో మరిగించి రంగు చేస్తారు కదా, నేనూ గ్లాసుడు చేసి ఇక్కడ పూశాను. ఎంత బాగుందో, ట్యూబు రంగు దిగదుడుపు. దీపావళికల్లా ఇలా అయిపోయింది. పువ్వు రంగు వెలుతురుకి నిలవదు. అయినా ఈసారి కూడా పూస్తాను, పక్కన తేదీ వేసి, ప్రతి ఋతువుకీ ఎంత వెలిసిందో దాని పక్కనే ఒక గడి వేసుకుంటూ పోతాను. అదే ఒక బొమ్మ అవుతుందేమో చూద్దాం.

మీ ఊళ్ళో మోదుగ లేకపోతే ఏం? శరత్తులో అయితే తంగేడు ఉంటుంది, గునుగు ఉంటుంది. బతుకమ్మ పేర్చేవాళ్ళ పక్కన అరగంట కూర్చోండి, ఏ రంగు పక్కన ఏది పెట్టాలో వాళ్ళకి తెలిసినట్టు నాకు తెలియదు. కోనసీమ వాళ్ళకి కాలవ గట్టు చాలు. రాజమండ్రి వెళ్తే మాత్రం చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూడండి. 1925లో పోయారాయన, ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. బొంబాయి వెళ్ళి చదువుకుని వచ్చి తన గోదావరినే గీశారు.

తర్వాతి పేజీ వైశాఖంలో. అప్పటికి పువ్వు పోయి కాయలు వేలాడతాయి, పల్చటి కాయ, చివర్లో ఒకే గింజ. కొత్తాకు కూడా వస్తుంది. ఆ లేతాకుపచ్చ ఎలా కలపాలో నాకింకా సరిగ్గా కుదరలేదు, మూడు రకాలు వేసి చూపిస్తాను. ఇప్పుడు పుస్తకం మూయకండి, నేల ఇంకా తడిగా ఉంది. నేను కూడా ఇలా పట్టుకునే బండి దాకా నడుస్తాను. ఉంటానండీ.