పక్షవాతం వచ్చిన మనిషికి గుక్కెడు నీళ్లు కూడా ఎందుకు పట్టకూడదు?

నమస్కారం. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, పక్షవాతం అంటే స్ట్రోక్ లక్షణాలైన ఇవన్నీ మీకు తెలిసినవే. నన్ను ఎప్పట్నుంచో బాధపెడుతున్న విషయానికి నేరుగా వచ్చేస్తాను.

పలమనేరు నుంచో పుంగనూరు నుంచో మనిషిని కారులో పడుకోబెట్టి తిరుపతికి తెస్తారు. దారి పొడవునా ఎవరో ఒకరు గొంతు తడుపుతూనే ఉంటారు. కాసేపు కాఫీ, కాసేపు గ్లూకోజ్ నీళ్లు, ఆసుపత్రి బయట కొబ్బరి నీళ్లు. అంతా ప్రేమతోనే చేస్తారు. కానీ అందులో కొంత కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తిరుపతి వాళ్లకు రాయలచెరువు గేటు తెలుసు కదా! రైలొచ్చే ముందు గేటు పడుతుంది, బండ్లు ఆగుతాయి, రైలు పోయాక గేటు లేస్తుంది. మన గొంతులోనూ అంతే. ఊపిరి బండ్లనుకోండి, తిండి రైలనుకోండి. మింగే ప్రతిసారీ క్షణంపాటు ఊపిరి ఆగుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీద మూత పడుతుంది. ఈ గేటుమ్యాన్ ఉండేది మెదడులో. స్ట్రోక్ దెబ్బ అతనికి తగిలితే గేటు ఆలస్యంగా పడుతుంది, లేదా సగమే పడుతుంది. నీళ్లేమో ఎక్స్‌ప్రెస్ రైలు, గేటు పడేలోపే వచ్చేస్తాయి. చిక్కటి పదార్థం గూడ్సు బండి, నిదానంగా వస్తుంది. కొందరు రోగులకు ద్రవాలను చిక్కగా చేసి ఇమ్మని థెరపిస్టులు చెప్పేది అందుకే.

మనకు పొలమారితే దగ్గొస్తుంది, ఎవరో తలుచుకుంటున్నారంటాం. స్ట్రోక్ వచ్చిన కొందరికి ఆ దగ్గు కూడా రాదు. గేటు దగ్గర యాక్సిడెంట్ అయినా ఒక్క కేకా వినపడదు. ఆ తర్వాత జ్వరం, ఆయాసం, నెమ్ము.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన పరిశోధన ఒకటుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో, అంటే పక్షవాతం రోగుల ప్రత్యేక వార్డుల్లో చేశారు, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. కొన్ని యూనిట్లలో జ్వరం, షుగర్, మింగడం, ఈ మూడింటినీ ఎలా చూసుకోవాలో నర్సులకు శిక్షణ ఇచ్చారు. మిగతా యూనిట్లకు మార్గదర్శకాల కాపీ ఇచ్చి వదిలేశారు. 90 రోజుల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడి బతికేవాళ్లూ కలిపి కాపీ ఇచ్చినచోట 58 శాతం, శిక్షణ ఇచ్చినచోట 42 శాతం! మన జిల్లా ఆసుపత్రుల్లో రేపే మొదలుపెట్టదగిన పని ఇది.

మింగే పరీక్ష ఎలా ఉంటుందంటే, మనిషి పూర్తి మెలకువతో ఉన్నాడా అని నర్సు ముందు చూస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి చెంచాడు నీళ్లిస్తుంది. మింగేటప్పుడు గొంతు ముడి పైకి లేచిందా అని చూస్తుంది. తర్వాత పేరు చెప్పమంటుంది. నీళ్లు పుక్కిలిస్తూ మాట్లాడినట్టు గొంతు గరగరలాడితే అక్కడే ఆపేస్తుంది. దయచేసి దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి, శిక్షణ ఉన్నవాళ్లే చెయ్యాలి.

పరీక్షలో గేటు పడట్లేదని తేలితే ముక్కులో గొట్టం వేస్తారు. గొట్టం వేశారంటే ఇక ఆశ లేదని మనవాళ్లు ఏడుస్తారు. ఆశ లేకపోవడం కాదది. గేటు బాగుపడేదాకా రైలును వేరే లైన్లో పంపడం. చాలామందికి కొన్నాళ్లకు తీసేస్తారు.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు. పెద్ద నాళంలో గడ్డ ఉంటే, అర్హత ఉన్న కొందరికి 24 గంటల దాకా తొడ దగ్గర్నుంచి గొట్టం పంపి దాన్ని లాగేస్తారు. ఏది చెయ్యాలన్నా ముందు సీటీ స్కాన్ తియ్యాలి. అందుకే దారిలో ఏ నాటు వైద్యం దగ్గరా ఆగకండి. సీటీ కాకముందు ఆస్పిరిన్ వెయ్యకండి, మెదడులో రక్తస్రావమై ఉంటే ప్రమాదం. 108కి ఫోన్ చెయ్యండి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్న టైం కాగితం మీద రాసుకోండి, రోజూ వేసుకునే మాత్రల కవరు వెంట తెచ్చుకోండి. డాక్టరు మొదట అడిగేవి ఆ రెండే.