మర్రి ఊడ, శెనక్కాయ ఊడ

(అనంతపురంలో జీవశాస్త్ర ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి కూర్చునే ఉన్నారు, ఫ్యాన్లు కూడా అంతంతమాత్రంగానే తిరుగుతున్నాయి. అందుకని ఉపోద్ఘాతం లేకుండా, నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వేర్ల రూపాంతరాల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద ముల్లంగి, క్యారెట్ గీశాను. ఆ ఊపులో "వేరుశనగ కూడా అంతే, పేరులోనే ఉంది కదా" అనేశాను. వెనక బెంచీలోంచి ఒక పాప లేచి, "కాదు సార్, పువ్వు పూసినాక ఊడ దిగుతాది. ఆ ఊడకు కాస్తాది" అంది. క్లాసంతా నవ్వింది. నవ్వింది ఆ పాపను చూసి కాదు, నన్ను చూసి. అక్కడ సగం మంది ఇళ్లలో శెనక్కాయ చేనుంది మరి. నేను డిగ్రీలో గైనోఫోర్, అంటే అండాశయాన్ని మోసే కాడ, అని చదివి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ గైనోఫోరూ మా చేలో దిగే ఊడా ఒకటేనని మాత్రం ఆరోజు దాకా తట్టలేదు.

అప్పటినుంచి ప్రతి జూన్‌లో మా క్లాసులో శెనక్కాయ విత్తుతాం. బడి తెరిచే రోజులూ, విత్తనం వేసే రోజులూ మనకు దాదాపు ఒకటే. కదిరి-6 లాంటి రకం సుమారు నూరు రోజుల పంట, దసరా సెలవుల నాటికి కాయ చేతికొస్తుంది. పాఠ్యపుస్తకం రాసినవాళ్లు అనుకోకపోయినా, ఈ జిల్లాకు ఇంతకన్నా అనుకూలమైన ప్రయోగశాల లేదు.

రెండు లీటర్ల నీళ్ల బాటిల్ పైభాగం కోసేయండి, అడుగున చిల్లులు పెట్టండి. ఎర్రమట్టిలో కొంచెం ఇసుక కలిపి నింపి, గింజను బాటిల్ గోడకు ఆనేలా వేయండి. చుట్టూ నల్ల కాగితం చుట్టి, చూసేటప్పుడు మాత్రమే తీయండి. నెల లోపే పసుపు పూలు వస్తాయి. తెల్లవారుజామున విచ్చి, ఎండెక్కేసరికి వాడిపోతాయి. అందుకే పదింటికి బడికొచ్చే సార్లకు విచ్చిన పూలు ఎక్కువగా కనబడవు! ఒక్కో పువ్వుకు ఒక్కో రంగు దారం కట్టించి, తేదీ రాయించండి. ఇక్కడ మేము మొదటి ఏడు దెబ్బతిన్నాం. దారం పువ్వుకు కడితే పువ్వుతో పాటే రాలిపోతుంది, పువ్వు పుట్టిన కణుపుకు కట్టాలి. సుమారు వారానికి అక్కడినుంచి ఊడ బయటికొచ్చి నేలవైపు వంగుతుంది. అన్ని పూలకూ రాదు, ఆ లెక్క కూడా పిల్లలే వేస్తారు.

అప్పుడు రెండు మూడు ఊడల కింద, మట్టి తగలకుండా, ప్లాస్టిక్ మూత పెట్టండి. ఏమవుతుందో పెట్టకముందే నోటుబుక్కులో రాయించండి. ఇది మరిచిపోతే ప్రయోగం సగం పోయినట్టే. మట్టిలోకి దిగినవి కాయ కడతాయి, మూత మీద ఆగినవి ఎండిపోతాయి.

ఇప్పుడు మర్రి ఊడ తెప్పించండి. వీలైతే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి టూర్ వేయండి. 1989లో గిన్నిస్‌కెక్కిన చెట్టు అది. దాని ఊడలు నేలను తాకి మానులై నిలబడ్డాయి. అవీ ఊడలే, ఇవీ ఊడలే. మరి రెండింటిలో వేరు ఏది? సాక్ష్యం చూపించమనండి. మా పిల్లలు కాయ వలిచి చూపించి, "వేరులో గింజలు ఉంటాయా సార్?" అన్నారు. మర్రి ఊడ కొమ్మ నుంచి దిగిన నిజమైన వేరు. శెనక్కాయ ఊడ అండాశయాన్ని కొసన మోసుకుని దిగే కాడ. ఆ వాదన ఒక పీరియడ్‌లో తెగక లెక్కల సార్ పీరియడ్ కూడా అడుక్కున్నాను.

ఆ రోజే ఒక పిల్లాడు, "ఊడలు దిగేటప్పుడు మా నాయన జిప్సం ఎందుకు చల్లుతాడు?" అనడిగాడు. కాయకు కావాల్సిన కాల్షియం వేర్ల దారిన సరిగా అందదు, కాయే చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా పీల్చుకుంటుంది. అది చాలకపోతే గింజ నిండని తాలుకాయలు వస్తాయి. వాళ్ల నాయనకు పని తెలుసు, పిల్లాడికి ఇప్పుడు కారణం తెలిసింది.

పెరికిన మొక్కను పారేయకండి. వేరు బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం, లోపల బ్యాక్టీరియా నత్రజనిని పట్టే పనిలో ఉందని గుర్తు. పక్కన బుడిపెలు లేని జొన్న వేరు పెట్టి పోల్చమంటే చాలు.

కిరణజన్య సంయోగక్రియ పాఠానికి కిరీటాలు పెట్టి "నేను సూర్యుణ్ణి, నేను పత్రహరితాన్ని" అనిపించే నాటకాలంటే నాకు పెద్దగా గురి లేదు. ఏం జరగబోతుందో అందరికీ ముందే తెలిసినప్పుడు అది కార్యక్రమమే కానీ ప్రయోగం కాదు. వార్షికోత్సవానికి ఉంచుకోండి. దాని బదులు ఆకులో పిండిపదార్థం పరీక్ష చేయండి కానీ, ఆకు పచ్చదనం పోగొట్టే స్పిరిట్‌ను మంట మీద నేరుగా పెట్టకండి. వేడినీళ్ల గిన్నెలో పెట్టి, మంట ఆర్పాకే. ఒకసారి నా కళ్లముందే బీకరు అంటుకుంది, తడి గోనెసంచి కప్పి ఆర్పాం. ఆ టెన్షన్ మీకొద్దు.

ఈ ఏడాది మా క్లాసు ముందున్న ప్రశ్న ఇది: ఊడకు నేల ఎటుందో ఎట్లా తెలుస్తుంది? వెలుతురుకు దూరంగా పోతోందా, బరువు లాగే వైపు పోతోందా? కుండీని పక్కకు పడుకోబెట్టి, చీకట్లో ఉంచి చూడాలని పిల్లలే అన్నారు. మీరూ చేసి చూడండి. అదిగో ఆ బల్ల మీద బాటిళ్లు, సంచిలో విత్తనాలు ఉన్నాయి. తలా రెండు గింజలు తీసుకోండి. పచ్చివే, విత్తడానికి తెచ్చినవి, దయచేసి తినేయకండి.